హిందూపురం కాఫీ: ఏది పాతది, ఏది ఘాటు, ఏది చవక?

హిందూపురం నుంచి బెంగళూరు నూరు కిలోమీటర్ల పైచిలుకు. అక్కడి ఫిల్టర్ కాఫీ రుచి ఏనాడో రైలెక్కి ఇటు వచ్చేసింది. హోటల్లో ‘వన్ బై టూ’ అంటే చాలు, ఒక కాఫీ రెండు గ్లాసుల్లో వస్తుంది. ఇంట్లో మాత్రం తెల్లారేసరికి ఎక్కువమంది చేయి పోయేది ఇన్‌స్టంట్ పొడి పాకెట్ మీదికే. ఆ పాకెట్లలో ఏది మేలు?

ముందు పాతదనం సంగతి. మన దేశంలో కాఫీకి మొదటి గడ్డ పక్క రాష్ట్రంలోని చిక్కమగళూరు కొండలే. పదిహేడో శతాబ్దంలో సూఫీ సాధువు బాబా బుడన్ హజ్ యాత్ర నుంచి తిరిగి వస్తూ యెమెన్ నుంచి ఏడు గింజలు తెచ్చి అక్కడ నాటాడని చెబుతారు. ఇప్పుడు అంగట్లో కనిపించే పేర్లలో సేలం వారి నరసూస్ 1926 నాటిది, బెంగళూరు కోథాస్ 1949 నాటిది. నెస్కెఫే 1938లో స్విట్జర్లాండ్‌లో పుట్టింది. బ్రెజిల్‌లో అమ్ముడుపోని కాఫీ గుట్టలు పడి ఉంటే, వాటిని నీళ్లలో కరిగే పొడిగా మార్చే దారి వెతకమని నెస్లే కంపెనీని అడిగారు. ఏళ్ల తరబడి ప్రయోగాల తర్వాత ఆ కంపెనీ శాస్త్రవేత్త మాక్స్ మోర్గెంథాలర్ ఆ దారి చూపాడు.

పేరు బయటపడకుండా లోకమంతా తిరిగే కాఫీ మాత్రం మన రాష్ట్రానిదే. దుగ్గిరాల అనగానే పసుపు యార్డు గుర్తొస్తుంది, కానీ ఈ కాఫీ ఊరూ అదే. 1994లో మొదలైన సీసీఎల్ సంస్థ అక్కడి ఫ్యాక్టరీలో తయారుచేసే ఇన్‌స్టంట్ కాఫీ తొంభైకి పైగా దేశాలకు వెళ్లి, చాలాచోట్ల అక్కడి కంపెనీల పేర్లతోనే అమ్ముడవుతుంది. మన కొట్లలో కనిపించే కాంటినెంటల్ ఆ సంస్థదే. విదేశంలో ఉన్న మన పిల్లలు ఏదో ఊరి సూపర్ మార్కెట్లో కొన్న సీసాలో దుగ్గిరాల పొడి ఉండొచ్చంటే నాకు గర్వంగానే ఉంటుంది.

గౌరవంలో అరకుదే పైచేయి. గిరిజన రైతులు సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగల నడుమ పండించే ఈ అరబికా రకం కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అదే ఏడాది బాబా బుడన్‌గిరి కాఫీకి కూడా. 2017లో పారిస్‌లో అరకు పేరుతో దుకాణమే తెరిచారు. అయితే దాన్ని చిక్కటి పాలు, మూడు చెంచాల చక్కెర కలిపి తాగితే సున్నితమైన ఆ రుచి నాలుకకు అందదు. పాలు తగ్గించి తాగండి, లేదా అరకుకు పెట్టే డబ్బు మిగుల్చుకోండి.

ఇక చికోరీ. ఇది కాఫీ గింజ కాదు, గుజరాత్, ఉత్తరప్రదేశ్‌లలో పండే ఒక దుంప. ఎండబెట్టి వేయించి పొడి చేస్తారు. ఇందులో కెఫీన్ ఉండదు. రంగు, చిక్కదనం, కాస్త తీపి కలిసిన చేదు ఉంటాయి. చట్టం ప్రకారం కాఫీ–చికోరీ మిశ్రమంలో చికోరీ 49 శాతం దాటకూడదు, ఏది ఎంతో పాకెట్ మీద అచ్చు వేయాలి. అంటే సగానికి ఒక్క శాతం తక్కువ దుంప ఉన్నా అది చెల్లుతుంది! ప్రకటనలో నటి నవ్వు కంటే ఆ చిన్న అక్షరాల్లో నిజం ఎక్కువ. నెస్కెఫే క్లాసిక్, బ్రూ గోల్డ్ లాంటివి చికోరీ లేనివి. సన్‌రైజ్, మామూలు బ్రూ చికోరీ కలిసినవి. పాల కాఫీకి కొంచెం చికోరీ ఉంటేనే బాగుంటుందని నా అభిప్రాయం. ముప్పై శాతం దాటితే మాత్రం కాఫీ వాసన వెనక్కిపోతుంది. కళ్లెదుటే పొడి పట్టిచ్చే కొట్టుకు వెళ్తే ఈ బాధ లేదు. పీబెర్రీ, ప్లాంటేషన్ ఏ అని గింజ రకం, ఎనభై–ఇరవై అని కాఫీ–చికోరీ పాళ్లు ఎలా అడిగితే అలా కలిపిస్తారు.

ఘాటు కావాలంటే రొబస్టా రకం గింజ చూడండి. అరబికా గింజతో పోలిస్తే అందులో కెఫీన్ రెట్టింపుకు దగ్గరగా ఉంటుంది.

చవక లెక్కలోనే చాలామంది తడబడతారు. ఇన్‌స్టంట్ కిలో ధర చూసి బెదిరిపోతారు. కిలో ఇన్‌స్టంట్ తీయడానికి సుమారు 2.6 కిలోల పచ్చి గింజలు కావాలి, ధర ఎక్కువే ఉంటుంది మరి. కానీ కప్పుకు పట్టేది రెండు గ్రాములు. ఫిల్టర్‌లో అయితే పది గ్రాముల దాకా వేయాలి. కాబట్టి ఇన్‌స్టంట్ కిలో ధర ఫిల్టర్ పొడికి ఐదింతలు దాటనంతవరకు, కప్పు లెక్కన ఇన్‌స్టంటే గిట్టుబాటు. చిన్న పాకెట్ కొనేటప్పుడు రూపాయలు కాదు, గ్రాములు చూడాలి. 

హిందూపురం బెల్లం మార్కెట్ ఊరు కాబట్టి ఇంకొక్క మాట. బెల్లం కాఫీ ఇష్టమైతే బెల్లాన్ని మరుగుతున్న పాలలో వేయకండి, విరిగిపోతాయి. వేడి డికాక్షన్‌లో కరిగించి వడకట్టి, పొయ్యి మీంచి దించిన పాలను అప్పుడు కలపండి.