దీర్ఘకాల దాంపత్యంలో లైంగిక వాంఛ

దీర్ఘకాల దాంపత్యంలో లైంగిక వాంఛ అనగా అనేక సంవత్సరాలుగా కలసి జీవిస్తున్న దంపతులకు ఒకరిపై ఒకరికి గల శారీరక ఆకర్షణ, కలయికపై ఆసక్తి. ఇది జీవితాంతం ఒకే తీవ్రతతో ఉండదు. తొలినాటి ఉద్వేగం కాలక్రమేణా తగ్గడం సర్వసాధారణం. అంతమాత్రాన ప్రేమ నశించినట్లు గాని, వ్యాధి సోకినట్లు గాని భావించనవసరం లేదు.

ప్రేమలో రెండు రూపాలు

మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎలెన్ బెర్షీడ్, ఎలైన్ హాట్‌ఫీల్డ్ ప్రేమను ఉద్వేగభరిత ప్రేమ, సాహచర్య ప్రేమ అని రెండు విధాలుగా వివరించారు. మొదటిదానిలో ఎడబాటును సహించలేని తహతహ ఉంటుంది. రెండవదానిలో నమ్మకం, ఆప్యాయత, పరస్పర బాధ్యత ప్రధానం. సాధారణంగా కాలం గడచిన కొద్దీ మొదటిది నెమ్మదించి రెండవది బలపడుతుంది. అయితే అనేక దంపతులలో ఈ రెండూ కలసి కొనసాగుతాయి.

శాస్త్రీయ నమూనాలు

1966లో విలియం మాస్టర్స్, వర్జీనియా జాన్సన్ లైంగిక ప్రతిస్పందనను ఉద్రేకం, దాని నిలకడ, భావప్రాప్తి, ఉపశమనం అను నాలుగు దశలుగా వర్ణించారు. ఇందులో వాంఛకు ప్రత్యేక స్థానం లేదు. 1979లో హెలెన్ సింగర్ కప్లాన్ వాంఛను మొదటి దశగా చేర్చింది. ఈ నమూనా ప్రకారం ముందు కోరిక కలుగుతుంది, తరువాత శరీరం స్పందిస్తుంది.

2000లో కెనడా వైద్యురాలు రోజ్‌మేరీ బాసన్ దీనికి భిన్నమైన వలయాకార నమూనాను ప్రతిపాదించింది. దీర్ఘకాల బంధంలో ఉన్న అనేక స్త్రీలలో కోరిక ముందుగా ఉండకపోవచ్చు. సాన్నిహిత్యం కోసం ఇష్టపూర్వకంగా దగ్గరైన తరువాత, అనుకూలమైన స్పర్శ, మాటల వలన అది మేల్కొనవచ్చు. ఆకలి లేదనుకున్న మనిషికి తిరగమోత వాసన తగిలాక ఆకలి పుట్టడం వంటిదే ఇది. తనంతట తాను కలిగే వాంఛ, ప్రతిస్పందనగా కలిగే వాంఛ రెండూ సహజమే. పురుషులలో కూడా ఈ రెండూ కనిపిస్తాయి.

వాంఛను తగ్గించే కారణాలు

జాన్ బాన్‌క్రాఫ్ట్, ఎరిక్ జాన్సెన్ ప్రతిపాదించిన ద్వంద్వ నియంత్రణ సిద్ధాంతం ప్రకారం లైంగిక స్పందనను ప్రేరేపించే వ్యవస్థ, నిరోధించే వ్యవస్థ వేరువేరు. కనుక ప్రేరణ పెంచడం కంటే నిరోధాన్ని తొలగించడమే కొన్నిసార్లు ముఖ్యం. నిరోధానికి దారితీసే సాధారణ కారణాలు:

* ఇంటిపని, ఉద్యోగ భారం, నిద్రలేమి
* పిల్లలు, పెద్దలతో ఇరుకు ఇంట్లో ఏకాంతం లేకపోవడం
* పరిష్కారం కాని తగాదాలు, అవమానకరమైన మాటలు
* కాన్పు తరువాతి కాలం, బిడ్డకు పాలివ్వడం, ముట్లుడుగుట, కలయికలో నొప్పి
* మధుమేహం, థైరాయిడ్ లోపం, టెస్టోస్టిరాన్ తగ్గుదల, మానసిక కుంగుబాటు
* కుంగుబాటుకు వాడే కొన్ని మందులు

దంపతుల మధ్య వ్యత్యాసం

ఇద్దరి వాంఛ ఎల్లప్పుడూ సమానంగా ఉండదు. ఎక్కువ కోరేవారు తిరస్కారంగా, తక్కువ కోరేవారు ఒత్తిడిగా భావించే అవకాశం ఉంది. క్రమంగా చేయి పట్టుకొన్నా కలయికకు ఆహ్వానమేమోనని రెండవవారు దూరం జరుగుతారు. దీనితో మామూలు ఆప్యాయత కూడా కరువవుతుంది. 1970లో మాస్టర్స్, జాన్సన్ వివరించిన చికిత్సలో మొదట కొంతకాలం కలయికను నిషేధించి కేవలం స్పర్శకే అవకాశమిస్తారు. ఫలితాన్ని గురించిన ఆందోళన తొలగించడమే దీని ఉద్దేశం.

సమ్మతి

ప్రతిస్పందనగా వాంఛ కలుగుతుందనగా బలవంతపెడితే కలుగుతుందని అర్థం కాదు. భయం, ఒత్తిడి వాంఛను మరింత అణచివేస్తాయి. వివాహం శాశ్వత సమ్మతి కాదు, ప్రతిసారీ ఇష్టం ఉండాలి. భారతదేశంలో 2005 నాటి గృహహింస నిరోధక చట్టం లైంగిక వేధింపును కూడా గృహహింసగా పరిగణిస్తుంది.

వైద్య సలహా ఎప్పుడు అవసరం?

అమెరికా మనోవైద్య సంఘం 2013లో వెలువరించిన వర్గీకరణ ప్రకారం ఆసక్తి లోపం సుమారు ఆరు నెలలు కొనసాగి, ఆ వ్యక్తికి తీవ్రమైన బాధ కలిగిస్తేనే రుగ్మతగా పరిగణించవచ్చు. భాగస్వామి కంటే కోరిక తక్కువగా ఉండడం మాత్రమే రుగ్మత కాదు. వాంఛ హఠాత్తుగా తగ్గినా, నొప్పి ఉన్నా వైద్యుని సంప్రదించాలి. వాడుతున్న మందులను స్వయంగా మానరాదు. గోడ ప్రకటనలలోని గుప్తరోగ చికిత్సలను నమ్మి కాలం, ధనం పోగొట్టుకోవడం కంటే అర్హులైన వైద్యులతో, అంతకు ముందు జీవిత భాగస్వామితో, దాపరికం లేకుండా మాట్లాడడం మేలు.