వెల్డు లోతును తేల్చేది గంధకం

తొలి తెలుగు శాసనం దొరికిన కలమల్లలోనే 1994 నుంచి రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం నడుస్తోంది. ఇటువంటి కేంద్రాల బాయిలర్లలో ఆవిరి ఒత్తిడిని ట్యూబులతో పాటు వాటి అతుకులూ ఓర్చుకోవాలి. అందుకే అతుకు అడుగున పడే తొలి పొరను, అంటే రూట్‌ను, సాధారణంగా టిగ్‌తో వేస్తారు. మన షెడ్లలో ఆర్గాన్ వెల్డింగ్ అనేది దీన్నే. 1940ల తొలి ఏళ్లలో అమెరికాలోని నార్త్రప్ విమాన సంస్థలో రసెల్ మెరెడిత్ మెగ్నీషియాన్ని అతికించడం కోసం దీనికి రూపమిచ్చాడు. టంగ్‌స్టన్ కడ్డీ కరగకుండా ఆర్క్ ఇస్తుంది, చుట్టూ అప్పట్లో హీలియం గాలిని సోకనిచ్చేది కాదు. హీలియం స్థానంలోకి ఆర్గాన్ తర్వాత వచ్చింది. అతుకు ఎంత శుభ్రంగా వచ్చినా పెనిట్రేషన్, అంటే లోహం కరిగే లోతు, మాత్రం తక్కువే. స్టెయిన్‌లెస్ స్టీలులో ఒక్క పాస్‌కు సుమారు 3 మిల్లీమీటర్లు. మందం పెరిగితే అంచులు చెక్కి, ఫిల్లర్‌తో పొర మీద పొర వేయక తప్పదు.

కరెంటు పెంచితే సరిపోదా అని ఎవరికైనా తోస్తుంది. పెంచితే కరిగిన లోహం లోతుకంటే ఎక్కువగా పక్కలకు పరుచుకుంటుంది, ప్లేటు వంగుతుంది. పైగా ఒకే గ్రేడు స్టీలు, అదే కరెంటు, అదే చేయి అయినా ఒక ముక్కలో లోతు దిగి మరో ముక్కలో దిగకపోవడాన్ని కరెంటు వివరించలేదు. 1982లో హైపుల్, రోపర్ అనే పరిశోధకులు చూపిన కారణం నాకు సబబుగా కనిపిస్తుంది. గంధకం బాగా తక్కువున్న లోహంలో వేడి పెరిగేకొద్దీ తలతన్యత తగ్గుతుంది, కరిగిన లోహం నడుమ నుంచి అంచులకు పారుతుంది. కాస్త గంధకం చేరితే ఈ తీరు తిరగబడి ప్రవాహం అంచుల నుంచి నడుమకు వచ్చి, వేడిని అడుగుకు మోసుకుపోతుంది. లక్షకు మూడు పాళ్లా, పదిహేను పాళ్లా అన్నంత చిన్న తేడా చాలు. స్టెయిన్‌లెస్ స్టీలు నిబంధన గంధకాన్ని 0.03 శాతం వరకు ఒప్పుకుంటుంది కాబట్టి రెండు ముక్కలూ ఒకే పేరుతో అమ్ముడవుతాయి.

అలాగని గంధకాన్ని పెంచుకుంటూ పోతే అతుకు వేడిలోనే పగులుతుంది. గంధకం పెంచకుండా లోతు రాబట్టే దారి 1960ల్లో కీవ్‌లోని పాటన్ వెల్డింగ్ సంస్థ వేసింది: ప్రవాహాన్ని గంధకంలాగే నడుమకు తిప్పేలా, వెల్డు చేసే చోట పలుచగా ఫ్లక్స్ పూయడం. కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం స్టెయిన్‌లెస్ స్టీళ్లకు తగిన ఆక్సైడ్ ఫ్లక్సులు తయారుచేసి, ఒక్క పాస్‌లో 10 మిల్లీమీటర్ల దాకా దించింది. ఫ్లక్స్ ఆర్క్‌ను సన్నగా బిగించడం వల్లే లోతు వస్తుందని కొందరి వాదన. అదీ కొంత పనిచేయవచ్చు. కానీ ఫ్లక్సే లేని చోట, గంధకం మార్పుతోనే లోతు మారడాన్ని ఆ వాదన వివరించలేదు. పూత వేయడం, మిగిలిన మడ్డి గీకడం అదనపు పనే, అయినా మందపు ప్లేట్లకు పాస్‌లు తగ్గడంతో ఆ శ్రమ గిట్టుబాటవుతుంది. పలుచని ట్యూబులకు ఫ్లక్స్ అవసరం అంతగా ఉండదు. అక్కడ చిక్కు వేరు: గంధకం తేడా ఉన్న రెండు స్టెయిన్‌లెస్ ముక్కలను కలిపితే, కరిగిన లోహం గంధకం తక్కువున్న వైపుకు ఒరిగి, జాయింటు ఒక పక్క సరిగా కరగకపోవచ్చు. ఫిల్లర్ ఈ తేడాను తగ్గిస్తుంది కానీ పూర్తిగా చెరపదు. పాత ట్యూబుకు కొత్త ముక్క అతికేటప్పుడు కరెంటు సరిచేయడానికి ముందే రెండింటి టెస్ట్ సర్టిఫికెట్లలో గంధకం అంకె చూసుకోవాలి.