కొండ ఊరికి యాపిల్ ఇచ్చిన సత్యానంద్

సంతలో యాపిల్ కొని పిల్లల చేతిలో పెడతాం. అది ఏ కొండ మీద కాసిందో, దాన్ని అక్కడ ఎవరు నాటారో ఎప్పుడైనా ఆలోచించారా?

హిమాచల్ ప్రదేశ్‌లో సిమ్లా నుంచి కొండదారిన దాదాపు 80 కిలోమీటర్లు పోతే కోట్‌గఢ్ ప్రాంతం వస్తుంది. అక్కడి రైతులు ఇప్పటికీ తలచుకునే పేరు సత్యానంద్ స్టోక్స్. ఆయన పుట్టింది ఆ కొండల్లో కాదు. 1882లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో, కలిగిన ఇంట పుట్టారు. అసలు పేరు శామ్యూల్ ఎవాన్స్ స్టోక్స్. 1904లో కుష్ఠు రోగులకు సేవ చేద్దామని మన దేశం వచ్చి, ఇక్కడే ఉండిపోయారు. 1912లో ఆ ప్రాంతం అమ్మాయినే పెళ్లాడారు. భూమి కొని సేద్యంలోకి దిగారు. 1932లో హిందూ మతం తీసుకుని సత్యానంద్ అయ్యారు.

ఆ రోజుల్లో దొరలు కొండకు వస్తే సామాన్లు మోయడానికి రైతులను పట్టుకుపోయేవారు. చేలో పని ఎంత ఉన్నా వదిలి పోవాల్సిందే. వెట్టి అంటే ఏమిటో తెలంగాణ పల్లెలకు వేరే చెప్పాలా? స్టోక్స్ ఊరివాళ్ల పక్షాన నిలబడి దానిమీద పోరాడారు. 1921లో అక్కడ వెట్టి ఆగింది. అదే ఏడాది డిసెంబరులో స్వాతంత్ర్యోద్యమంలో అరెస్టయి జైలుకూ వెళ్లారు.

ఇక యాపిల్ సంగతి. కులూ లోయలో ఇంగ్లీషువాళ్లు అంతకుముందే యాపిల్ వేశారు. అవి పులుపు రకాలు, మనవాళ్లకు అంతగా రుచించలేదు. స్టోక్స్ 1916లో అమెరికా నుంచి రెడ్ డెలిషస్ అనే తీపి రకం తెచ్చి నాటారు. తర్వాత గోల్డెన్ డెలిషస్ మొక్కలూ వచ్చాయి. ఇక్కడొక కిటుకు ఉంది. రెడ్ డెలిషస్ తన పుప్పొడితో తాను సరిగా కాయదు. పక్కన గోల్డెన్ వంటి వేరే రకం ఉండాలి, తేనెటీగలు తిరగాలి.

చెట్టు కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. గోధుమ, బార్లీ పండే చారెడు నేలలో చెట్లు నాటితే అన్నాళ్లూ ఏం తినాలి? చిన్న రైతుకు అది న్యాయమైన భయమే. స్టోక్స్ ముందు తన భూమిలో పండించి చూపించారు. ఆ తర్వాత ఇరుగుపొరుగుకు మొక్కలిచ్చి, పెంచే పద్ధతి నేర్పారు. పిల్లల కోసం బడి కూడా పెట్టారు. 1946 మే 14న కన్నుమూశారు. స్వాతంత్ర్యం చూడలేదు. నేడు హిమాచల్‌లో యాపిల్ లక్ష హెక్టార్లకు పైగా ఉంది.

ఇది చదివి మన మైదానంలో రెడ్ డెలిషస్ నాటకండి. దానికి శీతాకాలంలో 7 డిగ్రీల లోపు చలి వెయ్యి గంటల దాకా కావాలి. స్టోక్స్ నుంచి నేర్చుకోవాల్సింది వేరే ఉంది. కొత్త పంటను ముందు కొద్ది నేలలో వేసి చూడండి. కలిసొస్తే పొరుగువాడికీ నాలుగు మొక్కలివ్వండి. ఒక్కడి తోటలో పది బుట్టలు పండితే వ్యాపారి కొండెక్కడు. ఊరంతా పండితే లారీ తోట దగ్గరికే వస్తుంది. ఎక్కడి నుంచో వచ్చిన మనిషిని ఆ కొండ జనం తమవాడనుకున్నది అందుకే.