చప్పరం కింద వెలుతురు: బైరకూరు వైపు వేసవి పెళ్లికి ఫొటోలు తీయడం

బైరకూరు కర్ణాటకలోని కోలారు జిల్లా, ముళబాగిలు తాలూకాలో ఒక హోబళి కేంద్రం. తూర్పుకు పోతే చిత్తూరు జిల్లా పలమనేరు వస్తుంది. ఈ చుట్టుపక్కల పల్లెల్లో చాలామంది ఇంటి భాష తెలుగు, బడి భాష కన్నడం. పెళ్లి పత్రిక కన్నడంలో అచ్చవుతుంది, పెళ్లి పాట తెలుగులో సాగుతుంది. పత్రికలో కనిపించే రెండు కన్నడ మాటలు, ‘ఆరతక్షతె’, ‘ధారె ముహూర్త’, కెమెరా పట్టుకొచ్చే స్నేహితుడికి మొదటి పాఠం. మొదటిది పెళ్లికి ముందురోజు సాయంత్రం జరిగే రిసెప్షన్. రెండోది మర్నాడు పొద్దున జరిగే అసలు పెళ్లి. పెళ్లయ్యాకే రిసెప్షన్ అనుకుని ఆలస్యంగా బయల్దేరినవాళ్లకు సగం పెళ్లి దొరకదు.

విదేశాల నుంచి వచ్చేవాళ్లకు, టికెట్టు కొనే ముందు తేదీ ఖాయమైందా లేదా అన్నది ఇంకో లెక్క. వేసవి అంటే పెళ్లిళ్ల కాలమనే అందరూ అనుకుంటారు గానీ మూఢం వస్తే ఆ కాలం మొత్తం ఖాళీ. 2024 మే, జూన్ నెలల్లో గురు, శుక్ర మౌఢ్యాలు కలిసి రావడంతో పంచాంగాల్లో పెళ్లి ముహూర్తాలే లేకుండా పోయాయి. సెలవులు చూసుకుని పెళ్లి పెట్టుకోవడం విదేశాల్లో కుదురుతుంది, ఇక్కడ పంచాంగం చూసుకుని సెలవు పెట్టుకోవాలి.

ముందు పెళ్లి అడిగే ఘట్టం. విదేశాల్లో పెరిగినవారికి ప్రపోజల్ అంటే మోకాలి మీద కూర్చుని ఉంగరం చూపించడం. ఈ ప్రాంతపు పద్ధతిలో పెళ్లి అడిగేది అబ్బాయి కాదు, పెద్దలు. మాటలయ్యాక రెండు వైపులవారూ వక్క, ఆకు, పండు, కొబ్బరికాయ ఉన్న తాంబూలాలు మార్చుకుంటారు. ఆ పళ్లెం ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి పోయే క్షణమే ఇక్కడి ప్రపోజల్. ఫొటో తీసేవాళ్లు సాధారణంగా ఆ సమయంలో అమ్మాయి ముఖం వైపు చూస్తుంటారు, తీయవలసింది చేతుల్ని. ముసలివాళ్ల చేతులు, పళ్లెం అంచు, వెనక మసకగా అమ్మాయీ అబ్బాయీ ఉన్న ఒక్క బొమ్మ చాలు, ఆ రోజు కథ చెప్పడానికి.

అయినా ఇద్దరూ ముందే ఇష్టపడి, ఊరికి వచ్చినప్పుడు ఏ కొండ మీదనో ఉంగరం తొడుక్కోవాలనుకుంటే దాన్నీ ఎవరూ తప్పు పట్టరు. కోలారు ఊరి పక్కనున్న అంతరగంగె గుట్టలు, ముళబాగిలు దగ్గరి కురుడుమలె, ఆవని కొండ అందుకు అనువైనవి. గుండ్రటి పెద్ద బండరాళ్లు పొద్దుటి ఎండలో తేనె రంగుకు తిరుగుతాయి. తీసేవాడు సూర్యుణ్ని తన వీపు వైపో పక్కవైపో పెట్టుకుని, బండ చాటున దూరపు లెన్సుతో నిలబడాలి. 85 నుంచి 200 మిల్లీమీటర్ల మధ్య లెన్సు ఉంటే దగ్గరికి పోయి రహస్యం బయటపెట్టే పని ఉండదు. అబ్బాయి ఏ వైపు తిరిగి నిలబడాలో ముందురోజే అక్కడికి పోయి చూసుకోవాలి. అమ్మాయి ముఖం వెలుతురుకు ఎదురుగా ఉండాలి, అబ్బాయి వీపు కనిపించినా నష్టం లేదు. ఆవనిలోని రామలింగేశ్వర ఆలయాలు పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి కాబట్టి అక్కడ ట్రైపాడ్ పెట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి.

ఒక చోటికి మాత్రం పోకపోవడమే మంచిది. 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డ కోలారు బంగారు గనుల దగ్గర, రాయిని పొడిచేసి సైనైడుతో బంగారం తీశాక మిగిలిన బూడిద రంగు దిబ్బలు కొండల్లా ఉంటాయి. 2018లో వచ్చిన ‘కేజీఎఫ్’ సినిమా కొంత అక్కడ తీశాక పెళ్లికి ముందు ఫొటోలకు జంటలు అక్కడికి పోవడం ఎక్కువైంది. బొమ్మలో అందంగానే ఉంటుంది. గాలికి లేచే ఆ ధూళి మాత్రం పీల్చదగ్గది కాదు, పట్టుచీరకైనా కెమెరాకైనా మంచిది కాదు.

ఇక పెళ్లి. పల్లెటూరి వేసవి పెళ్లిలో కెమెరాకు ఎదురయ్యే మొదటి సమస్య ఎండ. బైరకూరు ఉత్తర అక్షాంశం 13 డిగ్రీలకు కొంచెం పైన ఉంటుంది. అందువల్ల ఏప్రిల్ 25 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలబడతాడు. ఆ తర్వాత ఆగస్టు నడిమి దాకా మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది. డాలస్‌లోనో లండన్‌లోనో పెరిగిన పిల్లలకు ఇది వింత, ఎందుకంటే అక్కడ మధ్యాహ్నపు నీడ ఏడాది పొడవునా ఉత్తరానికే పడుతుంది. ఫొటోకు దీనివల్ల జరిగేది ఏమిటంటే, పదిన్నర దాటాక బయట నిలబడ్డ మనిషి కళ్లు గుంటల్లో నల్లబడతాయి, ముక్కు కింద మీసంలాంటి నీడ పడుతుంది, తెల్ల పంచె తెల్లకాగితంలా మెరిసి మడతలన్నీ మాయమవుతాయి. అప్పుడు కానుగ చెట్టు కిందికో, తూర్పు వాకిలి ఇంటి అరుగు మీదికో జనాన్ని తీసుకుపోవాలి. కానుగకు వేసవి మొదట్లోనే కొత్త ఆకు వస్తుంది, మిగతా చెట్లు బోడిగా ఉన్నప్పుడు కూడా దాని నీడ చిక్కగా ఉంటుంది. అరుగు మీద నీడలో కూర్చున్న మనిషి ముఖానికి వాకిట్లోని మట్టినేల మీది ఎండ కింది నుంచి వెలుగు కొడుతుంది. ఎంత ఖరీదైన స్టూడియో దీపమైనా దానిముందు దండగ.

సాయంత్రం ఎండ పలచబడేది కొద్దిసేపే. లండన్ జూన్‌లో పొద్దు తొమ్మిది దాటినా ఉంటుంది, ఇక్కడ మే నెలలో ఆరున్నర దాటేసరికి పొద్దు గూకుతుంది, అదీ దాదాపు నిట్టనిలువుగా. బంగారు రంగు ఎండ అరగంటకు మించి చేతికి చిక్కదు. మే నెల సాయంత్రాల్లో ఉరుములతో వాన కూడా పడవచ్చు కాబట్టి జంటను సాయంత్రం తీద్దామని వాయిదా వేయడం ఇక్కడ జూదం. పొద్దున ఆరు నుంచి ఎనిమిది వరకు ఉండే వెలుతురే నమ్మకమైనది.

రెండో సమస్య చప్పరం. తెలుగు జిల్లాల్లో పందిరి అనేదాన్ని కోలారు వైపు చప్పరం అంటారు. కొబ్బరి మట్టలతో వేసిన చప్పరం కింద మనిషికి చల్లగా ఉంటుంది, కెమెరాకు మాత్రం కష్టం. మట్టల సందుల్లోంచి దిగే ఎండ చుక్కలు పెళ్లికూతురి నుదుటి మీద ఒకటి, చెంప మీద ఒకటి పడి బొమ్మలో చిరుతపులి మచ్చల్లా కనిపిస్తాయి. దీనికి మందు చప్పరం వేసే రోజే ఉంది. పీటలుండే చోటికి పైన తెల్లటి బట్టో పాత పంచెలో కట్టమని అడిగితే వేసేవాళ్లు కాదనరు. ఎరుపు, పసుపు చారల షామియానా అయితే ఇంకో చిక్కు, దాని కింద అందరి ముఖాలూ కామెర్లు వచ్చినట్టు తేలతాయి. రంగు సరిదిద్దుకునే సెట్టింగును కెమెరాకే వదిలేయకుండా, తెల్ల కాగితం ముందు పెట్టి చేత్తో సరిచేసుకోవాలి. కల్యాణ మండపంలో తెల్ల కప్పుకు ఫ్లాష్ కొట్టి తిప్పే అలవాటు చప్పరం కింద పనిచేయదు, మట్టలు వెలుతురును మింగేస్తాయి.

మేని రంగు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1950ల నుంచి కొడాక్ ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి వాడిన కార్డుల మీద ఉన్నది తెల్లజాతి స్త్రీ బొమ్మ. మన చామనచాయ, నలుపు ముఖాలు ఫిల్ములో చాలాకాలం ఒక మచ్చగా మిగిలిపోవడానికి అదొక కారణం. ఇప్పటి ఫోన్లు దానికి విరుగుడుగా అందరి ముఖాల్నీ తెల్లగా నునుపు చేస్తున్నాయి. అది ఇంకా పెద్ద తప్పు. పసుపు రాసుకున్న నల్లటి చెంప ఎలా మెరుస్తుందో అలాగే ఉండాలి.

మూడోది, అన్నిటికంటే కష్టమైనది, ముహూర్తం. కన్నడ పద్ధతిలో ధారె అంటే వధూవరుల కలిపిన చేతుల మీద పాలు పోయడం. తెలుగు పద్ధతిలో తెర మధ్యలో ఉండగా జీలకర్ర, బెల్లం ఒకరి తల మీద ఒకరు పెట్టడం. కోలారు జిల్లాలో ఇల్లును బట్టి, కులాన్ని బట్టి వీటిలో ఒకటో రెండూనో ఉంటాయి, వరస కూడా మారుతుంది. పుస్తకం చదివి పోయేవాడికి ఇక్కడ దెబ్బ తగులుతుంది. ముందురోజే పురోహితుణ్ని, ఇంట్లో పెద్ద ముత్తైదువను అడిగి వరస రాసుకోవడం ఒక్కటే దారి. అడగవలసిన రెండో ప్రశ్న, తెర ఎటువైపు దిగుతుందని.

ముహూర్తమైనా తాళి కట్టే క్షణమైనా కంటికంటే చెవికి ముందు తెలుస్తుంది. పురోహితుడు చెయ్యెత్తగానే ఓలగం (సన్నాయి మేళం) వాళ్లు గట్టిమేళం అందుకుంటారు. డోలు జోరందుకుందంటే ఇంక కొద్ది సెకన్లే. అదే సమయంలో బంధువులందరూ లేచి అక్షతలు వేస్తారు, కెమెరాకు ముందు చేతుల అడవి మొలుస్తుంది. నిలబడి తీసేవాడికి ఆ చేతులు తప్ప ఏమీ దొరకదు. పీటల పక్క నేలమీద మోకాళ్లపై ఉండి, పైకి చూస్తూ తీసేవాడికి తాళి, దాని వెనక గాల్లో పసుపు బియ్యం, ఆ వెనక నవ్వుతున్న ముఖాలు ఒకే బొమ్మలో వస్తాయి. షట్టరు సెకనులో 500వ వంతు కంటే నెమ్మదిగా ఉంటే గింజలు గీతలవుతాయి. తలంబ్రాలప్పుడు కూడా ఇదే లెక్క.

ఒకప్పుడు ఈ పల్లెలకు ఫొటోగ్రాఫరు పట్నం నుంచి రావాల్సి వచ్చేది. 120 సైజు రీలులో చదరపు బొమ్మలు 12 మాత్రమే. రెండు రీళ్లతో పెళ్లి అయిపోయేది, అందుకే పాత ఆల్బంలో అందరూ నిటారుగా నిలబడి ఊపిరి బిగపట్టినట్టుంటారు. ఇప్పుడు ఒక్క పొద్దున్నే 2,000 బొమ్మలు తీయవచ్చు, ఆ పాత 24లో ఉన్న శ్రద్ధ వాటిలో అరుదు.

పెళ్లికూతురి గదిలో, మంగళస్నానం దగ్గర, మగ ఫొటోగ్రాఫరుకు చోటుండదు, ఉండనక్కర్లేదు కూడా. హైదరాబాదులో రాజా దీనదయాళ్ 1892లోనే ఘోషా స్త్రీల కోసం ప్రత్యేక స్టూడియో పెట్టి, దాన్ని ఒక ఇంగ్లీషు మహిళకు అప్పగించాడు. ఆ పని ఇప్పుడు స్నేహితురాళ్లది. అప్పగింతల్లో ఏడుపును తీయవచ్చు, తీసినదాన్ని ఆ అమ్మాయి చూసి సరే అనేదాకా ఎవరికీ పంపకూడదు.

డ్రోన్ గురించి కుర్రవాళ్లు తప్పక అడుగుతారు. 2021 డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాముల లోపు బరువున్న దానికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అయితే విదేశాల నుంచి డ్రోన్లు తేవడాన్ని భారత ప్రభుత్వం 2022 ఫిబ్రవరిలో నిషేధించింది. సూట్‌కేసులో పెట్టుకొచ్చినది కస్టమ్స్ దగ్గరే ఆగిపోతుంది. దానికి బదులు వంటసాలకు పోవడం మేలు. తెల్లవారుజామున కట్టెల పొయ్యి పొగలోంచి అడ్డంగా పడే ఎండలో ఓళిగలు కాల్చే ఆడవాళ్ల బొమ్మ ఆకాశం నుంచి దొరకదు.

అందరూ వరసగా నిలబడే పెద్ద ఫొటోను భోజనాల తర్వాతకు పెట్టుకోవద్దు. అవ్వలూ తాతలూ మొదటి పంక్తిలో తినేసి, తాంబూలం సంచి చేతపట్టుకుని మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోతారు.