అపెండిసైటిస్ వేషంలో అరుదైన జబ్బులు

చిన్నపేగు వచ్చి పెద్దపేగులో కలిసే మలుపుకు కొంచెం దిగువన, ఒక కొస మూసుకుపోయి, ఇంచుమించు చిటికెన వేలంత పొడవుతో వేలాడే సన్నని గొట్టమే అపెండిక్స్. పాఠ్యపుస్తకాలు దీన్ని ఉండుకం అంటాయి. గట్టిపడిన మలపు ఉండ అడ్డుపడడం వల్ల గాని, గోడలోని లింఫ్ కణజాలం ఉబ్బడం వల్ల గాని ఈ గొట్టం లోపలి దారి మూసుకుపోయినప్పుడు, అక్కడ ఊరే జిగురు బయటికి పోలేక ఒత్తిడి పెరుగుతుంది, గోడకు రక్తం అందడం తగ్గుతుంది, సూక్ష్మజీవులు చెలరేగుతాయి, సకాలంలో చికిత్స అందకపోతే గోడ చిల్లుపడుతుంది. తెలుగునాట జనం 24 గంటల నొప్పి అని పిలుచుకునే అపెండిసైటిస్ ఇదే. 1886లో బోస్టన్ వైద్యుడు రెజినాల్డ్ ఫిట్జ్ ఈ జబ్బుకు ఆ పేరు పెట్టి, ఆపరేషన్ ఆలస్యం కారాదని వాదించినప్పటి నుంచి, కుడి పొత్తికడుపులో నొప్పి అనగానే వైద్యుల మొదటి అనుమానం దీనిమీదికే పోతోంది. ఆ అనుమానం చాలాసార్లు నిజమవుతుంది. స్కానింగులు అందుబాటులోకి రాకముందు మాత్రం, ఈ అనుమానంతో కడుపు కోసిన ప్రతి 100 మందిలో 10 నుంచి 20 మందికి అపెండిక్స్ నిక్షేపంగా కనిపించడం శస్త్రవైద్యులు మామూలుగానే తీసుకున్న విషయం.

ఈ పొరపాటుకు మూలం వైద్యుడి తొందరలో కంటే నాడుల అమరికలోనే ఎక్కువగా ఉంది. అపెండిక్స్ నుంచి బయలుదేరే నాడులు బొడ్డు చుట్టూ ఉన్న చర్మపు నాడులు చేరే మట్టంలోనే వెన్నుపామును చేరుతాయి కాబట్టి, తొలి గంటల్లో నొప్పి బొడ్డు దగ్గర ఎక్కడో తెలియనట్లుగా మొదలవుతుంది. వాపు పెరిగి కడుపు గోడ లోపలి పొరను, అంటే పెరిటోనియంను తాకిన తర్వాత గాని అది కుడివైపు కిందికి దిగి ఒకచోట నిలవదు. 1889లో న్యూయార్క్ శస్త్రవైద్యుడు చార్లెస్ మెక్‌బర్నీ గుర్తించిన ఆ చోటుకు ఇప్పటికీ ఆయన పేరే ఉంది. అయితే తొలి దశలో పనిచేసే నాడుల మట్టాన్ని చిన్నపేగు కూడా పంచుకుంటుంది. మలిదశలో మంటెత్తే పొరకేమో తనను తాకింది అపెండిక్సా, మరొకటా అన్నది తెలియదు. ఆ మూలన ఏది వాచినా, మెలిపడినా, కారినా వచ్చే నొప్పి ఒకే తీరుగా ఉంటుంది.

కారడం మాటకొస్తే, మూకీ చిత్రాల కాలపు హాలీవుడ్ నటుడు రుడాల్ఫ్ వాలెంటినో పేరు వైద్యగ్రంథాల్లోకి ఎక్కింది ఆ కారణంగానే. 1926 ఆగస్టులో న్యూయార్క్‌లో ఆయన తీవ్రమైన కడుపునొప్పితో కుప్పకూలినప్పుడు వైద్యులు అపెండిసైటిస్ అనుకున్నారు. తీరా ఆపరేషన్‌లో బయటపడినది చిల్లుపడిన జీర్ణాశయపు పుండు. పుండు నుంచి కారిన ఆమ్లద్రవం పెద్దపేగు కుడి అంచు వెంట ఉన్న పల్లంలో జారి, అపెండిక్స్ ఉండే చోటికి చేరి, అక్కడి పొరను మండించడమే ఈ భ్రమకు కారణం. ఆయన 31 ఏళ్ల వయసులో ఆగస్టు 23న మరణించారు. కడుపు పైభాగంలో పుట్టి కింద అపెండిసైటిస్‌లా కనిపించే ఈ స్థితిని నేటికీ వాలెంటినో సిండ్రోమ్ అంటున్నారు.

సరిగ్గా 50 ఏళ్ల తర్వాత, 1976లో, అదే న్యూయార్క్ రాష్ట్రంలోని ఒనైడా కౌంటీలో జరిగిన సంఘటన ఇంతకంటే విడ్డూరమైనది. బడిపిల్లలు ఒకరి వెంట ఒకరు జ్వరంతో, కుడి పొత్తికడుపు నొప్పితో ఆసుపత్రుల పాలయ్యారు. వారిలో 16 మందికి అపెండిక్స్ తొలగించిన తర్వాత, వాళ్లందరూ తాగిన చాక్లెట్ పాలలో యెర్సీనియా అనే బ్యాక్టీరియా ఉన్నట్లు తేలింది. ఈ బ్యాక్టీరియా చిన్నపేగు చివరి భాగాన్నీ, దాని పక్కనున్న లింఫ్ గ్రంథులనూ వాచేలా చేస్తుంది. పైగా ఫ్రిజ్‌లోని చల్లదనంలో కూడా పెరగగలదు. పదేళ్ల తర్వాత, 1986లో, అల్ఫ్రెడో అల్వరాడో అనే వైద్యుడు అపెండిసైటిస్ అవకాశాన్ని అంచనా వేయడానికి నొప్పి మారిన తీరుకు, జ్వరానికి, వాంతులకు, తెల్లరక్తకణాల సంఖ్యకు మార్కులు వేసి మొత్తం పదిలో లెక్కించే పద్ధతిని ప్రవేశపెట్టారు. నేటికీ అత్యవసర విభాగాల్లో ఎంతో ఉపయోగపడుతున్న పద్ధతే అయినా, అది తూచేది వాపు తీవ్రతను మాత్రమే. వాచినది ఏ అవయవమో అది చెప్పలేదు. ఆ పిల్లల్లో కొందరైనా ఆ లెక్కలో మంచి మార్కులే తెచ్చుకుని ఉండేవారు.

పేగులోనే పుట్టుకతో ఉండిపోయే ఒక చిన్న సంచి కూడా ఇలాగే ఏమారుస్తుంది. తల్లి గర్భంలో శిశువు పేగును బొడ్డుతో కలిపే నాళం పూర్తిగా కరిగిపోకుండా మిగిలితే దాన్ని మెకెల్ సంచి అంటారు. నూటికి ఇద్దరిలో ఉండే ఈ సంచి, పేగుల కూడలికి దాదాపు రెండడుగుల దూరంలో, రెండంగుళాల పొడవుతో ఉంటుంది, చాలామందిలో జీవితాంతం ఏ బాధా పెట్టదు. వాచినప్పుడు మాత్రం పైనుంచి చూసి దాన్ని అపెండిసైటిస్ నుంచి వేరుచేయడం దాదాపు అసాధ్యం. అందుకే అపెండిక్స్ ఆరోగ్యంగా కనిపించిన సందర్భంలో శస్త్రవైద్యుడు అక్కడితో ఆగకుండా చిన్నపేగును రెండు మూడడుగుల మేర వెనక్కి వెతుకుతాడు. ఇందుకు భిన్నంగా, పెద్దపేగు వెలుపలి గోడకు వేలాడే చిన్న కొవ్వు తొడిమల్లో ఒకటి మెలిపడి రక్తం అందక మాడిపోతే నొప్పి అంతే పదునుగా ఉన్నా, దానికి కత్తితో పనేమీ లేదు. నొప్పిమాత్రలతో కొద్దిరోజుల్లో తగ్గిపోతుంది. సీటీ స్కాన్ వచ్చాకే ఈ జబ్బును కడుపు కోయకుండా పోల్చుకోవడం వీలైంది.

కొన్నిసార్లు అపెండిసైటిస్ నిజంగానే ఉంటుంది, దాన్ని తెచ్చిపెట్టిన కారణం మాత్రం అరుదైనదై ఉంటుంది. చరిత్రలో నమోదైన మొదటి అపెండిక్స్ ఆపరేషనే ఇందుకు సాక్ష్యం: 1735లో లండన్‌లో క్లాడియస్ ఆమ్యాండ్ 11 ఏళ్ల బాలుడి గజ్జలోని హెర్నియాను కోసినప్పుడు, అందులోకి జారిన అపెండిక్స్‌ను ఒక గుండుసూది చిల్లుపొడిచి ఉండడం చూశాడు. పిల్లల్లో దారపు పోగుల్లాంటి సన్నని పురుగులు, అప్పుడప్పుడు ఏలికపాములు ఈ గొట్టంలోకి దూరుతుంటాయి. కొన్నిసార్లు వాపు లేకుండానే అవి నొప్పి పుట్టిస్తాయి. అలాంటప్పుడు అపెండిక్స్ తీసివేసి పురుగుల మందు ఇవ్వడం మరిచిపోతే, పురుగులు పేగుల్లో మిగిలిపోతాయి.

ఏ జబ్బు అరుదు అన్నది ప్రాంతాన్ని బట్టి మారుతుందన్న సంగతి విదేశీ పాఠ్యపుస్తకాలు చదివినప్పుడు అంతగా స్ఫురించదు. చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోటును పట్టుకునే క్షయ, పాశ్చాత్య దేశాల్లో ఎప్పుడో గాని కనిపించదు. భారతదేశంలో మాత్రం నెలల తరబడి బరువు తగ్గుతూ, సాయంత్రం జ్వరం వస్తూ ఉన్న రోగికి హఠాత్తుగా కుడివైపు నొప్పి వస్తే ఈ క్షయను ముందుగానే తలచుకోవాలి. అమీబా వల్ల పెద్దపేగు మొదటి భాగంలో ఏర్పడే పుండ్లు, టైఫాయిడ్‌లో చిన్నపేగు చివర పడే చిల్లు కూడా ఈ కోవలోవే. ఆదిలాబాద్ అడవుల్లోనూ, ఉత్తరాంధ్ర ఏజెన్సీలోనూ గిరిజనుల్లో కనిపించే సికిల్‌సెల్ వ్యాధిలో కొడవలి ఆకారానికి మారిన ఎర్రరక్తకణాలు సన్నని రక్తనాళాలకు అడ్డుపడి భరించరాని కడుపునొప్పి తెస్తాయి. ఆక్సిజన్, ద్రవాలు, నొప్పిమందులతో తగ్గవలసిన ఆ నొప్పికి ఆపరేషన్ చేస్తే మత్తు, నిర్జలీకరణ కలిసి సంక్షోభాన్ని మరింత ముదరగొట్టవచ్చు. పోర్ఫిరియా అనే వంశపారంపర్య జబ్బులో ఈ ప్రమాదం ఇంకా సూటిగా ఉంటుంది. హీమోగ్లోబిన్‌లో భాగమైన హీమ్ తయారీలో లోపం వల్ల వచ్చే ఈ జబ్బులో రోగి నొప్పితో మెలికలు తిరుగుతున్నా, చేతితో నొక్కి చూస్తే కడుపు మెత్తగానే ఉంటుంది, వెలుతురులో ఉంచిన మూత్రం నల్లబడుతుంది. ఒకప్పుడు మత్తుకు విరివిగా వాడిన బార్బిట్యురేట్ మందులు దాడిని ఉద్ధృతం చేస్తాయి. పిల్లల్లో కుడి ఊపిరితిత్తి కింది భాగంలో న్యుమోనియా, మధుమేహ రోగుల్లో రక్తం ఆమ్లమయం కావడం సైతం కడుపునొప్పిగానే మొదలు కావచ్చు.

స్త్రీలలో ఈ జాబితా ఇంకా పొడవు. ఫాలోపియన్ నాళంలో నిలిచిన గర్భం పగలడం, అండాశయం మెలిపడడం అరుదైనవి కావు, నిమిషాలతో పందెం వేసేవి. అందుకే పిల్లలు పుట్టే వయసున్న స్త్రీ ఎవరు కుడివైపు నొప్పితో వచ్చినా గర్భ పరీక్ష చేయకుండా ముందుకు వెళ్లకూడదు. గర్భవతుల్లో నెలలు నిండేకొద్దీ అపెండిక్స్ పైకి జరగవచ్చు; అవయవాలన్నీ పుట్టుకతోనే అటుదిటుగా ఉన్నవారిలో అది ఎడమవైపే ఉంటుంది.

తొలగించిన అపెండిక్స్ మామూలుగా కనిపించినా దాన్ని పెథాలజీ పరీక్షకు పంపడం ఒక ముఖ్యమైన నియమం. ఎందుకంటే అలా తీసినవాటిలో నూటికి ఒకటి కంటే తక్కువ వాటిలో కార్సినాయిడ్ అనే నిదానంగా పెరిగే కణితి బయటపడుతుంది. ఎక్కువగా అది కొస భాగంలో ఉంటుంది గనుక దారికి అడ్డుపడదు, మొదలు భాగంలో ఉన్నప్పుడు మాత్రం అపెండిసైటిస్‌ను తానే కలిగించవచ్చు. ఒక సెంటీమీటరు లోపే ఉంటే సాధారణంగా అప్పటికే జరిగిన ఆపరేషన్ సరిపోతుంది; రెండు సెంటీమీటర్లు దాటితే పెద్దపేగు కుడిభాగాన్ని కూడా తీసివేయడానికి రెండో ఆపరేషన్ అవసరమవుతుంది. కణితి ఉన్నదీ, ఎంత ఉన్నదీ చెప్పే ఆ నివేదిక రావడానికి కొన్ని రోజులు పడుతుంది. అందువల్ల కుట్లు విప్పించుకోవడానికి వచ్చినప్పుడు రోగి దాన్ని అడిగి తీసుకుని వైద్యుడికి చూపించాలి.