టాప్ తెరిచే హైబ్రిడ్ స్పోర్ట్స్ కారు.. నల్గొండ, పాలమూరు రోడ్లపై నడుస్తుందా? సేఫ్టీ సంగతేంటి?

బీఎండబ్ల్యూ ఐ8 రోడ్‌స్టర్.. వీడియోలో చూస్తే కళ్లు తిప్పుకోలేం. రెండే సీట్లు. బటన్ నొక్కితే 15 సెకన్లలో టాప్ వెనక్కి మడుచుకుంటుంది. 1.5 లీటర్ల పెట్రోల్ ఇంజిన్, ఎలక్ట్రిక్ మోటార్ కలిపి 374 హార్స్‌పవర్. 2020లోనే తయారీ ఆపేసినా, హైబ్రిడ్ కన్వర్టబుల్ అనగానే చాలామందికి ఇదే గుర్తొస్తుంది. దీని కూపే మోడల్ 2015లో మన దేశానికి వచ్చినప్పుడు ఎక్స్‌షోరూమ్ ధర రూ.2.29 కోట్లు. ఫెరారీ 296 జీటీఎస్ కూడా ఇదే కోవలోది. మరి ఇలాంటి కారు హైదరాబాద్ దాటి నల్గొండకో, మహబూబ్‌నగర్‌కో వస్తే పరిస్థితేంటి?

ముందు కరెంటు లెక్క చూద్దాం. హైదరాబాద్ నుంచి ఈ రెండు ఊళ్లూ దాదాపు వంద కిలోమీటర్లు. ఐ8 రోడ్‌స్టర్ కేవలం బ్యాటరీతో వెళ్లేది 53 కిలోమీటర్లు. అదీ ల్యాబ్ టెస్టులో. ఫెరారీకైతే 25 మాత్రమే. అంటే సగం దారి కూడా రాకముందే పెట్రోల్ ఇంజిన్ పని మొదలవుతుంది. ఇలాంటి కార్లలో మోటార్ ఉన్నది ప్రధానంగా పికప్ కోసం. పెట్రోల్ ఆదా అవుతుందని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోవడమే.

అసలు ఇబ్బంది స్పీడ్ బ్రేకర్ల దగ్గర. ఐ8 అడుగు భాగం రోడ్డుకు 117 మిల్లీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. అలా కట్టిన బ్రేకర్‌ను ఈ కారు మెల్లగా దాటేస్తుంది. ఎందుకంటే వాలు నెమ్మదిగా ఉంటుంది. కానీ ఊళ్లల్లో అడుగు వెడల్పుతో నిట్టనిలువుగా పోసిన సిమెంట్ కట్టలున్నాయే, వాటి మీద కారు కడుపు రాసుకోవాల్సిందే. ఇక కోతల సీజన్‌లో సగం రోడ్డు మీద వడ్లు, వాటి అంచున పెట్టిన రాళ్లు. చీకట్లో ఒక్క రాయి కింద తగిలినా బిల్లు లక్షల్లోనే.

నల్గొండ ఎండ సంగతి చెప్పక్కర్లేదు. మే నెలలో 45 డిగ్రీలు తాకే చోట టాప్ తెరిచేది తెల్లవారుజామునో, చలికాలంలోనో. సామాను కూడా రెండు చిన్న బ్యాగులకు మించి పట్టదు. పైగా స్టెపినీ ఉండదు.

ఇప్పుడు సేఫ్టీ. టాప్ లేని కారు బోల్తా పడితే తలను కాపాడేవి సీట్ల వెనకున్న రోల్ బార్లు, అద్దం చుట్టూ ఉన్న గట్టి ఫ్రేమ్. అవి పనిచేయాలంటే మనిషి సీట్లోనే ఉండాలి. అంటే బెల్టు ఉండాలి. 2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లా అన్నెపర్తి దగ్గర నందమూరి హరికృష్ణ సీటు బెల్టు లేకుండా కారు నడుపుతూ, బయటకు ఎగిరిపడి చనిపోయారు. అది టాప్ ఉన్న ఎస్‌యూవీ. టాప్ తెరిచిన కారులో బెల్టు పెట్టుకోకపోతే ఆపేదేమీ లేదు.

అంతకుముందు 2014 డిసెంబర్ 6న ఆయన కొడుకు జానకిరామ్ కూడా పాత నల్గొండ జిల్లా మునగాల మండలం ఆకుపాముల దగ్గరే మరణించారు. అడ్డొచ్చింది ట్రాక్టర్. రాత్రిపూట లైట్లు లేని ట్రాలీ, రోడ్డు పక్కన ఆపిన లారీ ఇక్కడ మామూలే. ఎత్తు తక్కువున్న స్పోర్ట్స్ కారు లారీని వెనక నుంచి గుద్దితే బంపర్‌కు కాకుండా అద్దానికే దెబ్బ తగులుతుంది. అక్కడ ఎన్ని ఎయిర్‌బ్యాగులున్నా చేయగలిగేది తక్కువే.

హైబ్రిడ్ కావడంతో చుట్టుపక్కల వాళ్లకీ ఓ జాగ్రత్త. ప్రమాదం తర్వాత ఇంజిన్ చప్పుడు లేకపోయినా కారు ఆన్‌లో ఉండొచ్చు. ఎయిర్‌బ్యాగులు తెరుచుకుంటే హైవోల్టేజ్ కనెక్షన్ దానంతటదే కట్ అయ్యే ఏర్పాటు ఉంటుంది. అయినా నారింజ రంగు కేబుళ్లను ముట్టుకోవద్దు. పొగ కనిపిస్తే దూరం జరిగి 112కి ఫోన్ చేసి హైబ్రిడ్ కారని ముందే చెప్పాలి. జాతీయ రహదారిపై అయితే 1033, అంబులెన్స్‌కు 108.