నూటఇరవై ఏండ్లు దాటినా బొమ్మ ఆడుతనే ఉన్నది

మన దిక్కు పాత టాకీసులు ఒక్కొక్కటే ఫంక్షన్ హాళ్లు, గోదాములు అయితున్నయి. గిట్టుబాటు కాదు, కూలగొట్టుడే నయమంటున్నరు. కూలగొట్టే ముందు ఫ్రాన్స్‌ల ఒక ఊరోళ్లు ఏం చేసిన్రో తెలుసుకోవాలె.

ఆ దేశం దక్షిణాన, మార్సెయ్ పట్నం దగ్గర్ల, లా సియోటా అనే, ఒకప్పుడు ఓడలు కట్టిన ఊరున్నది. అక్కడ సముద్రానికి ఎదురుంగ పసుపు రంగు గోడలతోని ఒక హాలు కనిపిస్తది. పేరు ఈడెన్. 1889ల కట్టిన్రు. అప్పటికి సినిమానే పుట్టలే. నాటకాలు, పాటల కచేరీలు, కుస్తీలు, బాక్సింగ్ పోటీలు జరిగేటియి. కట్టుడు గూడ అందుకు తగ్గట్టే: ముందట స్టేజీ, కింద కుర్చీలు, చుట్టూరా బాల్కనీ. తర్వాత ఆ స్టేజీ మీదికే తెర వచ్చింది.

సినిమాకు బాట వేసిన లూమియేర్ అన్నదమ్ములకు ఈ ఊర్లె ఇల్లుండె. రైలు స్టేషన్‌కు వచ్చే వాళ్ల సినిమా పేరు మీరు వినే ఉంటరు. నిమిషం గూడ లేని ఆ బొమ్మ తీసింది ఈ ఊరి స్టేషన్లనే. 1896 జులైల బొంబాయి వాట్సన్ హోటల్ల మన దేశానికి మొదటిసారి సినిమా చూపెట్టింది గూడ వాళ్ల మనుషులే. 1899 మార్చిల ఈడెన్‌ల టికెట్ పెట్టి వాళ్ల సినిమాలు ఆడిచ్చిన్రు. ఇప్పటికీ నిలవడ్డ సినిమా హాళ్లల్ల దునియాల అన్నిటికన్న పాతదని దీనికి పేరున్నది.

ఇంత పేరున్న హాలుకు గూడ మన టాకీసుల గతే పట్టింది. ఇంటింటికి టీవీ వచ్చినంక జనం తగ్గిన్రు. 1982ల దోపిడి దొంగల చేతుల యజమాని పాణం పోయింది. 1995ల తాళం పడ్డది.

ఊరోళ్లు ఊకుండలే. సినిమా మీద పాణం పెట్టుకున్నోళ్లు సంఘం కట్టిన్రు. 1996ల సర్కారు దాన్ని చారిత్రక కట్టడాల లిస్టుల చేర్చింది. ఆ ముద్ర పడితే ఇష్టమొచ్చినట్టు కూలగొట్టరాదు. ఆఖరికి మార్సెయ్ పట్నం యూరప్ సాంస్కృతిక రాజధానిగా ఉన్న 2013ల, అక్టోబర్ నెలల ఈడెన్ మళ్ల తెరిచిన్రు. ముఖద్వారం, బాల్కనీ పాత తీరుగనే ఉంచి, లోపల కొత్త మిషన్లు పెట్టిన్రు.

ప్రతి టాకీసును కాపాడుడు అయితదని నేననను. గని ఏది ఉంచాలె, ఏది పోవాలె అనేది జాగ ధర ఒక్కటే తేల్చొద్దు. ఆ లెక్కనే చూసి ఉంటే ఈడెన్ ఎప్పుడో అపార్ట్‌మెంట్ అయిపోయేది. మన దిక్కు ఏ టాకీసు ఉంచాలెనో ఊరు అడగాలె. అదిగూడ తాళం పడకముందే.